ముందు ఇగురు, తర్వాతే సూపు

కిందటి సంచికలో టమాటా సూపు గురించి రాస్తూ, చివర్లో ‘పుట్టగొడుగుల సూపు సంగతి మరోసారి’ అని ఊరుకున్నాను. ఆ ఒక్క మాటకే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ముప్పై ఏళ్లు హోటల్ పొయ్యిల ముందు నిలబడి, ఇప్పుడు మోకాళ్లు మొరాయించి ఇంట్లో కూర్చున్నవాడిని నేను. ఉత్తరాలు చదవడం కంటే మంచి కాలక్షేపం నాకేముంటుంది? ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి, జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: బాబాయిగారూ, హోటల్లో తాగిన పుట్టగొడుగుల సూపు చిక్కగా, నున్నగా, నోట్లో వెన్నలా జారింది. ఇంట్లో చేస్తే పలుచగా, బూడిద రంగులో, పచ్చి వాసనతో వచ్చింది. ఒక ప్యాకెట్ పుట్టగొడుగులను ఉల్లిపాయతో కలిపి నీళ్లలో ఉడికించి, మిక్సీ పట్టి, క్రీము డబ్బా మొత్తం పోశాను. నలుగురం తాగాం, నలుగురికీ నచ్చలేదు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, లోపం క్రీములో లేదు, మిక్సీలోనూ లేదు. ‘నీళ్లలో ఉడికించి’ అన్నారే, అక్కడుంది. పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీరే. దాన్ని తీసుకెళ్లి మళ్లీ నీళ్లలో వేస్తే ఇంక రుచి ఎక్కడి నుంచి వస్తుంది?

మనకు ‘ఇగురు’ అనే మాట ఉంది. ముక్కలోని నీరంతా ఇగిరిపోయి, రుచి ముక్కకే పట్టి ఉండిపోయేలా వేయించడం. రొయ్యల ఇగురో, కోడి ఇగురో చేయడం వచ్చిన వారికి ఈ సూపు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. ముందు పుట్టగొడుగులను ఇగర్చండి. ఆ ఇగురును రుబ్బి పలుచన చేస్తే అదే సూపు.

ఈ సంగతి నాకు నేర్పిన మాస్టరుకు ఇగురు అనే మాట తెలియదు, ఆయన మన ప్రాంతం వాడు కాదు. నేను పందొమ్మిదేళ్ల వయసులో విశాఖపట్నంలో ఒక హోటల్లో కూరగాయలు తరిగే పనికి చేరాను. మన దేశంలో బటన్ పుట్టగొడుగుల సాగు 1960లలోనే హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో మొదలైంది కానీ, చలి ప్రాంతపు పంట కదా, మా వంటగది దాకా తాజా సరుకు వచ్చేది కాదు. ఉప్పునీళ్లలో ఊరిన డబ్బా పుట్టగొడుగులే దిక్కు. నమిలితే సైకిల్ ట్యూబు నమిలినట్టు ఉండేది. మాస్టరు వాటిని గట్టిగా పిండి, గుడ్డ మీద ఆరబోసి, వెన్నలో వేసి, ఇక ఆ పొయ్యి దగ్గర నుంచి కదిలేవాడు కాదు. నేను తొంగి చూడబోతే ‘చూడకు, విను’ అనేవాడు. నీరున్నంత సేపూ మూకుడులో బుడబుడమని చప్పుడు వస్తుంది. నీరు అయిపోగానే అది చిటపటగా మారుతుంది. వంట మొదలయ్యేది అప్పుడేనని ఆయన లెక్క. అందులోని కిటుకు నాకు చాలా ఏళ్లకు గానీ బోధపడలేదు. నీరు ఉన్నంతవరకూ ముక్క వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ముక్క ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే అంతకు బాగా మించిన వేడి తగలాలి.

ఇక లెక్క. నలుగురికి ఒక ప్యాకెట్ ఏ మూలకూ రాదమ్మా. 200 గ్రాముల ప్యాకెట్లు రెండు తీసుకోండి. ఒక మాదిరి ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, 30 గ్రాముల వెన్న, చెంచా నూనె, ఒక పెద్ద చెంచా బియ్యం, 700 మిల్లీలీటర్ల నీళ్లు, 100 మిల్లీలీటర్ల క్రీము, ఉప్పు, మిరియాల పొడి. మీ ఇంట్లో ఉన్న వాటిలో అన్నింటికంటే వెడల్పాటి మూకుడు పెట్టి, నూనె, సగం వెన్న వేసి, పెద్ద మంట మీద సగం పుట్టగొడుగు ముక్కలు మాత్రమే వేయండి. అన్నీ ఒకేసారి కుప్పగా పోస్తే వేగవు, తమ ఆవిరిలో తామే ఉడికిపోతాయి. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగదు. తర్వాత ముక్కలు ఒక్కసారిగా నీళ్లు వదులుతాయి, చూసి కంగారు పడకండి. ఆ నీళ్లు ఇగిరి, చప్పుడు మారి, ముక్కల అంచులు బెల్లం రంగుకు రావడానికి మొత్తం పది నిమిషాలు పడుతుంది. తీసి, రెండో వాయి వేయండి. రెండూ అయ్యాక చూస్తే కుప్ప సగం కూడా ఉండదు. ‘ఇంత డబ్బు పోసి కొన్నది ఇంతేనా’ అని మా ఆవిడ ప్రతిసారీ అంటుంది.

అదే మూకుడులో మిగిలిన వెన్న వేసి, సన్న మంట మీద ఉల్లిపాయ, వెల్లుల్లి మెత్తబడే దాకా మగ్గించండి, ఎర్రబడనివ్వకండి. తర్వాత ఒక గరిటెడు నీళ్లు పోసి, అడుగున అంటుకున్న గోధుమ రంగు మడ్డినంతా చెక్క గరిటెతో గీకి కలపండి. చాలా మంది ఇక్కడే మూకుడు మార్చి, దాన్ని తోమడానికి వేసేస్తారు. సూపు రుచిలో సగం అలా తోమే నీళ్లతో పోతుంది. ఇప్పుడు కడిగిన బియ్యం, మిగిలిన నీళ్లు పోసి, బియ్యం పలుకు లేకుండా జావలా అయ్యే దాకా ఇరవై నిమిషాలు ఉడికించండి. పైన చల్లుకోవడానికి రెండు చెంచాల ముక్కలు పక్కన పెట్టి, మిగతా పుట్టగొడుగులన్నీ అందులో వేసి, ఒక్క పొంగు రానిచ్చి దింపండి. చల్లారాక మిక్సీలో రెండు నిమిషాలు పూర్తిగా తిప్పండి. అర నిమిషానికే నున్నగా కనిపిస్తుంది, నమ్మకండి. పుట్టగొడుగు పీచు బంగాళదుంపలా ఉడికి కరిగిపోయేది కాదు, గంట ఉడికించినా దాని బిగువు దానికి ఉంటుంది. మెత్తబడేది బ్లేడు కిందే.

రుబ్బింది మళ్లీ పొయ్యి మీద పెట్టి, దోసె పిండి కంటే పలుచగా, మజ్జిగ పులుసు కంటే చిక్కగా ఉండేలా నీళ్లతో సరిచూసుకోండి. ఉప్పు, మిరియాలు, ఉంటే గోరంత జాజికాయ తురుము వేయండి. పొయ్యి కట్టేశాక క్రీము కలపండి.

రంగు గురించి దిగులు వద్దు. నిజమైన పుట్టగొడుగుల సూపు లేత గోధుమ, బూడిద కలిసిన రంగులోనే ఉంటుంది, ఇగిర్చి చేస్తే గోధుమ వైపు మొగ్గుతుంది. పెళ్లి విందుల్లో ఇచ్చే పాలలాంటి తెల్ల సూపులో ఉన్నది మైదా, మొక్కజొన్న పిండి, పాలు. పుట్టగొడుగు పేరుకే ఉంటుంది. నేనూ అలాంటివి వేల లీటర్లు చేశాను, కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ప్రశ్న: వేడి వేడి సూపును మిక్సీలో వేసి తిప్పగానే మూత ఎగిరిపడింది. గోడ, గ్యాసు పొయ్యి, నా చొక్కా, అన్నీ సూపే. మిక్సీ పాడైందా?
– ఉద్యోగం కోసం పుణెలో ఒంటరిగా ఉంటున్న అబ్బాయి

జవాబు: మిక్సీకి ఏమీ కాలేదు బాబూ. నీకు ఏమీ కాకపోవడమే గొప్ప. నా ఎడమ ముంజేతి మీద అణా కాసంత మచ్చ ఇప్పటికీ ఉంది, అది ఒక జనవరి సాయంత్రం ఇదే సూపు పెట్టిన వాత. మూత బిగించిన జారులో వేడి ద్రవం ఒక్కసారిగా తిరిగితే ఆవిరి, వేడెక్కిన గాలి వ్యాకోచించి మూతను తోసేస్తాయి. మన ఇళ్లలోని మిక్సీ జార్లు చట్నీలకు, పొడులకు చేసినవి. చాలా వాటికి ఆవిరి పోయే దారే ఉండదు.

వేలు పెట్టి చూస్తే కాలనంతగా చల్లారనివ్వు. జారులో మూడో వంతుకు మించి పోయకు. ముందు గట్టి ముక్కలను కొద్ది రసంతో తిప్పి, మెత్తబడ్డాక మిగతా రసం కలుపు. మూత మీద మడిచిన గుడ్డ వేసి అరచేత్తో నొక్కిపెట్టి, ఆగి ఆగి తిప్పు. మూత మధ్యలో తీసే బిళ్ల ఉంటే దాన్ని తీసేసి ఆ రంధ్రం మీద గుడ్డ కప్పు. గిన్నెలోనే ముంచి తిప్పే చేతి బ్లెండరు కొనుక్కుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. కాకపోతే దాంతో ఎక్కువ సేపు తిప్పాలి, చివర్లో ఒకసారి జల్లెడ పట్టాలి.

ప్రశ్న: పుట్టగొడుగులను కడగకూడదు, తడి గుడ్డతో తుడవాలి అంటారు. మట్టి కనిపిస్తుంటే కడగకుండా ఎలా తినడం?
– ఒక గృహిణి, ఏలూరు

జవాబు: శుభ్రంగా కడగండి. ఈ వాదన తేల్చుకోవడానికి నేను ఒకసారి 200 గ్రాముల గుండీలను, అంటే బటన్ పుట్టగొడుగులను, అయిదు నిమిషాలు నీళ్లలో ముంచి, తీసి, తుడిచి తూచాను. పెరిగింది అయిదారు గ్రాములు, అంటే చెంచాడు నీళ్లు. గొడుగు విచ్చుకుని కింద నల్లటి మడతలు బయటపడిన ముదురు వాటికి మాత్రం నీరు ఎక్కువ పడుతుంది. తరిగాక కడగవద్దు, కడిగి ఫ్రిజ్‌లో దాచవద్దు. దాచాలంటే కాగితం సంచిలో పెట్టండి. గాలి ఆడని ప్లాస్టిక్ కవరులో వాటి చెమటకు అవే జిగురెక్కుతాయి.

ప్రశ్న: మా ఇంట్లో మైదా మానేశాం. మామగారికి మధుమేహం, నాకు క్రీము పడదు. చిక్కదనం ఎలా వస్తుంది?
– ఒక కోడలు, నిజామాబాద్

ఇదే ప్రశ్న కర్నూలు నుంచి, బెంగళూరు నుంచి కూడా వచ్చింది.

జవాబు: హోటల్లో మేము వెన్న, మైదా సమానంగా తీసుకుని వేయించేవాళ్లం. ఇంటికి అది అక్కరలేదు. మొక్కజొన్న పిండి అసలే వద్దు, సూపుకు జారుడు గుణం, అద్దంలాంటి మెరుపు వస్తాయి, అది నాకు గిట్టదు.

మా ఇంట్లో వాడేది గంజి. ఇది నా తెలివి కాదు. నేను ఒకరోజు సూపు పలుచనైందని సణుగుతుంటే, మా ఆవిడ అప్పుడే వార్చిన గంజిని రెండు గరిటెలు గిన్నెలో పోసేసి వెళ్లిపోయింది. అడగనూ లేదు, చెప్పనూ లేదు. అంత నున్నటి సూపు నేను హోటల్లో కూడా చేయలేదు. కుక్కరు వచ్చాక గంజి వార్చే ఇళ్లు తగ్గిపోయాయి కాబట్టే పైన బియ్యం వేయమన్నాను, ఫలితం ఒకటే.

అయితే తల్లీ, గంజి అన్నా, బియ్యం అన్నా, మైదా అన్నా పిండి పదార్థమే. నలుగురి సూపులో పెద్ద చెంచా బియ్యమంటే మనిషికి అందులో పావు వంతు. దానికి కూడా డాక్టరు ఏం చెబితే అదే లెక్క. అదీ వద్దనుకుంటే జీడిపప్పు పది పన్నెండు పలుకులు వేడి నీళ్లలో అరగంట నానబెట్టి కలిపి రుబ్బండి. క్రీము కూడా అక్కరలేదు. పలాస గుండ్లు కొనవద్దు, ముక్కలు చాలు. పలుకులు ఇరవై దాటితే మాత్రం అది సూపు కాదు, కుర్మా. అన్నింటికంటే ఖర్చైన, అన్నింటికంటే మంచి ఉపాయం ఇంకో వంద గ్రాముల పుట్టగొడుగులు వేసి, నీళ్లు తగ్గించడం.

ప్రశ్న: క్రీముకు బదులు పాలు పోసి మరిగించాను, నిమ్మరసం పిండాను. విరిగిపోయింది. బాగు చేసే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మరిగించి, పైగా నిమ్మకాయ పిండితే మీరు చేసింది పన్నీరు అయ్యా! టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, ప్యాకెట్ క్రీములో 25 శాతం. కొవ్వు ఎక్కువగా ఉన్నది వేడికి, పులుపుకు తట్టుకుంటుంది, పాలు తట్టుకోలేవు. పాలే పోయాలనుకుంటే బియ్యమో గంజో పడి చిక్కబడిన సూపులో, సన్న మంట మీద, కొద్దికొద్దిగా పోయండి. పిండి పదార్థం పాలను కొంత కాపాడుతుంది. నిమ్మ బద్దను బల్ల మీద పెట్టండి, ఎవరి గిన్నెలో వారు రెండు చుక్కలు పిండుకుంటారు. ఇంటి మీగడ వాడేవారు దాన్ని పుట్టగొడుగులతోపాటే మిక్సీలో తిప్పేయాలి, లేకపోతే తరకలు తరకలుగా తేలుతుంది. నాలుగు రోజులు పోగుచేసి పుల్లబడ్డ మీగడైతే వెన్న తీసుకోండి, సూపు జోలికి తేవద్దు.

విరిగినదాన్ని మళ్లీ మిక్సీలో తిప్పితే కంటికి బాగుపడుతుంది. నాలుకకు తెలిసిపోతుంది.

ప్రశ్న: ఆదివారం చేసి వారమంతా వాడుకోవచ్చా?
– ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: క్రీము కలపకముందు తీసి పెట్టుకుంటే ఫ్రిజ్‌లో మూడు రోజులు, గడ్డకట్టే అరలో నెల రోజులు ఉంటుంది. వేడి చేశాక క్రీము కలుపుకోండి. క్రీముతో గడ్డకట్టిస్తే కరిగాక నీళ్లు వేరు, సరుకు వేరు.

ప్రశ్న: మా వైపు తొలకరి వానలకు పుట్టల మీద మొలిచే పుట్టగొడుగులను సంతలో ఆకుల్లో పెట్టి అమ్ముతారు. వాటితో ఈ సూపు చేయవచ్చా? మంచివో కావో వెండి నాణెం వేసి చూస్తే తెలుస్తుందంటారు, నిజమేనా?
– ఒక ఉపాధ్యాయుడు, పాడేరు దగ్గర

జవాబు: మాస్టారూ, మొదట రెండో ప్రశ్న. వెండి నాణెం నల్లబడటం, వెల్లుల్లి రంగు మారడం, పురుగు తిన్నది మనిషీ తినవచ్చు అనడం – ఈ మూడూ అబద్ధాలే. వీటిని నమ్మి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. కొన్ని విషపు పుట్టగొడుగుల విషం ఎంత ఉడికించినా పోదు. తిన్న వెంటనే ఏమీ తెలియదు. ఆరు గంటలకో, పన్నెండు గంటలకో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. మధ్యలో ఒక రోజు తగ్గినట్టు కూడా అనిపిస్తుంది, లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. అనుమానం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, మిగిలిన కూర ఉంటే అదీ పట్టుకెళ్లాలి. తరతరాలుగా ఏరుతున్న ఊరి వారు తెచ్చి, తామూ తినేవాటినే కొనండి. మీ అంతట మీరు ఏరవద్దు. పిల్లలను అసలే పంపవద్దు.

ఇక మొదటిది. పుట్ట మీద మొలిచేవి చెదపురుగులు లోపల పెంచుకునే తోటలోంచి వచ్చేవి. మనకు ‘పుట్టగొడుగు’ అనే పేరే వాటిని చూసి వచ్చింది. మనుషులు సాగు చేయలేకపోయిన రకం అది, ఏడాదిలో కొన్ని రోజులే దొరుకుతుంది. నమిలితే కోడి మాంసంలా పీచు పీచుగా విడిపోయే ఆ ముక్కను మిక్సీలో వేసి రుబ్బడానికి నాకు చేతులు రావు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి కూర వండుకోండి, వీలైతే నాకు కబురు చేయండి. సూపుకు గుండీలు ఉన్నాయి. వరిగడ్డి మీద పెంచే ముత్యపు చిప్ప రకం కూడా పనికొస్తుంది, కానీ దాని కాడలు నారలాంటివి, కోసి తీసేయాలి.

ప్రశ్న: ఇక్కడ మార్కెట్లో తెల్లవి, గోధుమ రంగువి, అరచేయంత పెద్దవి, ఇన్ని రకాలున్నాయి. ఏవి కొనాలి? డబ్బాలో వచ్చే సూపు పనికిరాదా?
– న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీరు చెప్పిన మూడూ ఒకటే జాతి తల్లీ. తెల్ల బటన్, గోధుమ రంగు క్రెమినీ, గొడుగు పూర్తిగా విచ్చుకున్న పోర్టొబెల్లో, అన్నీ అగారికస్ బైస్పోరస్. క్రెమినీ కొనండి, రుచి కాస్త గట్టిగా ఉంటుంది. పోర్టొబెల్లో అయితే కింది నల్ల మడతలను చెంచాతో గీకేయండి, లేకపోతే సూపు బురద రంగులో ఉంటుంది.

డబ్బా పుట్టగొడుగుల సూపును కాంప్‌బెల్ కంపెనీ 1934లో తెచ్చింది. అమెరికా వాళ్లే దాన్ని సూపుగా తాగే కన్నా వంటల్లో సాసులా వాడుకోవడం ఎక్కువ. 1955లో ఆ కంపెనీ వంటగదిలోనే తయారైన గ్రీన్ బీన్స్ కాసరోల్ (బీన్స్‌లో ఈ సూపు కలిపి ఓవెన్‌లో పెట్టే వంటకం) ఇప్పటికీ అక్కడి థ్యాంక్స్‌గివింగ్ పండుగ బల్ల మీద ఉంటుంది. మీరూ అలాగే వాడుకోండి, తాగడానికి మాత్రం ఇగర్చండి.

ప్రశ్న: టమాటా సూపులో థైమ్ ఆకు లేకపోతే వాము వేయవచ్చని రాశారు. అది చదివి పుట్టగొడుగుల సూపులోనూ వేశాను. మా వారు గిన్నె వాసన చూసి ‘జంతికలు ఎక్కడ?’ అని అడిగారు. ఏం చెప్పమంటారు?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, తెనాలి

జవాబు: ఎంత వేశారో రాయలేదు, కానీ నాకు తెలుసు. చెంచా వేసి ఉంటారు. థైమ్‌లోనూ వాములోనూ ఉన్న ఘాటు ఒకటే, థైమాల్, కాకపోతే వాములో మోత ఎక్కువ. నలుగురి సూపుకు పది పన్నెండు గింజలు, అవీ వెల్లుల్లితోపాటు వెన్నలో వేగాలి. మీ వారికి ఈసారికి జంతికలే పెట్టండి, ఆ సూపుతో నంజుకోవడానికి బాగానే ఉంటాయి.